ఫ్రెంచి వీధిమాటల పుట్టుపూర్వోత్తరాలు

ఫ్రెంచి భాష పేరు చెప్పగానే రాజాస్థానాల మర్యాదలు, పండిత పరిషత్తుల కట్టుబాట్లు, ఆచితూచి పలికే నాజూకు సంభాషణలు తలపుకు వస్తాయి. పాఠ్యపుస్తకం ముందు పెట్టుకొని ఆ భాష అభ్యసించిన విద్యార్థికి పుస్తకమంటే 'లివ్ర్', మోటారుబండి అంటే 'వాత్యూర్', డబ్బు అంటే 'అర్జాన్'. పరీక్షలో మొదటి తరగతి తెచ్చుకొన్న ఆ విద్యార్థే పారిస్ నగరంలో దిగి నాలుగడుగులు వేసేసరికి, పుస్తకాన్ని 'బుకేన్' అనీ, బండిని 'బాన్యోల్' అనీ, డబ్బును 'ఫ్రిక్' అనీ, తినడాన్ని 'బుఫే' అనీ జనం అంటూవుంటే దిక్కుతోచక నిలబడతాడు. తాను చదివిన భాష ఒకటి, ఇక్కడ వినవస్తున్నది మరొకటి!

ఈ రెండవ భాషలో ఎన్నో అంతరువులున్నవి. ఇంట్లోను, స్నేహితులలోను వాడే చనువు మాటలు కొన్ని. చేతిపనివారి మాటలు కొన్ని. ఒకప్పుడు దొంగలు, బిచ్చగాళ్ళు వాడుకొన్న రహస్యపు మాటలు కొన్ని. నేటి నగర శివార్లలోని యువకుల పలుకులు కొన్ని. పండితులు వీటికి వేర్వేరు పేర్లు పెట్టినా, లోకం స్థూలంగా అన్నిటినీ కలిపి 'ఆర్గో' అంటుంది. వీటిపై బడులలో తరతరాలుగా వినబడుతున్న తీర్పు ఒక్కటే: ఇది భాష కాదు, భాషకు పట్టిన చీడ.

ఈ తీర్పు నిలిచేది కాదు. ఏ మాటకు ఎక్కడ చోటున్నదో చెప్పడం ఉపాధ్యాయుని ధర్మం. ఆ మాటకు కులగోత్రాలే లేవనడం మాత్రం అజ్ఞానం. ఫ్రెంచి వీధిమాటల చరిత్రను కొంచెం ఓపికగా తరచి చూస్తే ఈ సంగతి తేటపడుతుంది.

మొట్టమొదట ఆ భాష పుట్టుకనే చూడవచ్చును. ఫ్రెంచి, సిసిరో గ్రంథాలలోని లాటిన్‌కు పుట్టిన బిడ్డ కాదు. గాల్ దేశానికి తరలివచ్చిన రోమన్ సిపాయిలు, వర్తకులు, కాపురస్థులు నోటితో పలికిన లాటిన్ దాని తల్లి. గ్రంథాల లాటిన్‌లో తలకు 'కాపుట్' అని పేరు. జనం దానిని వేళాకోళంగా 'తెస్తా' అన్నారు. తెస్తా అంటే మట్టికుండ, కుండపెంకు. ఆ కుండపెంకే కాలక్రమాన 'తెత్' అయి నేడు విద్యామంత్రి తలకూ, విద్వాంసుని తలకూ గౌరవమైన పేరుగా చెల్లుతున్నది. పండితుల 'కాపుట్' సంతతి 'షెఫ్' అనే రూపంలో ముఖ్యుడు, నాయకుడు అనే అర్థానికి పరిమితమైపోయింది. గుఱ్ఱానికి గ్రంథాల మాట 'ఎక్వుస్'. బరువులు లాగే నాసిరకపు గుఱ్ఱానికి వాడుక మాట 'కబల్లుస్'. ఫ్రెంచిలో గుఱ్ఱానికి నిలిచిన పేరు ఈ రెండవదానినుంచి వచ్చిన 'షెవాల్'. తినడమనే క్రియకు పండితుల 'ఎదెరె' పోయి, నమలడమనే అర్థంగల 'మందుకారె' వచ్చి, అదే 'మాంజే' అయింది. నేడు వ్యాకరణ గ్రంథాలలో నిగనిగలాడుతున్న ఈ మూడు మాటలూ ఒకనాటి వీధిమాటలే.

ఇంకొక విశేషమున్నది. 813వ సంవత్సరంలో టూర్ పట్టణంలో సమావేశమైన క్రైస్తవ మతాచార్యులు, దేవాలయ ప్రసంగాలు జనానికి అర్థమయ్యేటట్లు 'పల్లెటూరి రోమన్ భాష'లోకి గాని జర్మన్ భాషలోకి గాని మార్చి చెప్పవలెనని తీర్మానించారు. ఫ్రెంచి భాష ఉనికిని చరిత్ర మొదటిసారి గుర్తించినది ఈ 'పల్లెటూరి భాష' అనే పేరుతోనే. పల్లెటూరిది అని పిలిపించుకొన్న బిడ్డయే పెరిగి యూరప్ రాజాస్థానాలన్నిటికీ పట్టపురాణి అయింది!

పదిహేడవ శతాబ్దిలో ఈ రాణికి అంతఃపురం కట్టినవారు వచ్చారు. 1635లో రిషెల్యూ మంత్రి ఫ్రెంచి అకాడమీని స్థాపించాడు. భాషను సంస్కరించి నిఘంటువు రచించడం దాని పని. రాజాస్థానంలో ఉత్తములైనవారు ఎట్లా మాట్లాడుతారో అదే మంచి వాడుక అని వోజ్‌లా 1647లో సూత్రం చెప్పాడు. కాని అంతకు మున్నే, భాషను వడగట్టడంలో అందరికంటె కఠినుడని పేరుపొందిన కవి మలేర్బ్, ఏదైనా మాట వాడుకను గూర్చి శంక కలిగి ఎవరైనా అడిగితే, పారిస్‌లో గడ్డిరేవు దగ్గర బరువులు మోసే కూలీలే తన గురువులని చెప్పేవాడట. ఈ సంగతిని ఆయన శిష్యుడు రకాన్ గురువుగారి జీవితచరిత్రలో వ్రాశాడు. నియమాలు కట్టినవాడికే తన నియమాల మూలం ఎక్కడున్నదో తెలుసు.

అకాడమీ తొలి నిఘంటువు 1694లో వెలువడింది. అందులో పనిముట్ల పేర్లకు, వృత్తులవారి మాటలకు అంతగా చోటు దక్కలేదు. ఈ లోటు తీర్చడానికి అకాడమీ సభ్యుడే అయిన ఫ్యూర్‌త్యేర్ సొంతంగా ఒక నిఘంటువు కూర్చాడు. తమ హక్కుకు భంగం కలిగించాడని తోటి సభ్యులు 1685లో ఆయనను వెలివేశారు. ఆయన చనిపోయిన తర్వాత 1690లో, అంటే అకాడమీ నిఘంటువు కంటె నాలుగేండ్లు ముందుగానే, ఆ గ్రంథం అచ్చయింది. నేడు ఆ శతాబ్దపు జనజీవనాన్ని తెలుసుకోగోరే పరిశోధకులు ఫ్యూర్‌త్యేర్ పుటలు తిప్పకుండా ముందుకు పోలేరు. అకాడమీ మాటకు వస్తే, దాని ఎనిమిదవ కూర్పు 1935లో ముగియగా తొమ్మిదవ కూర్పు 2024లో పూర్తయింది. వీధి అన్నేండ్లు ఆగుతుందా?

ఇక దొంగల భాష సంగతి. 1455లో దిజోన్ పట్టణంలో 'కొకియార్లు' అనే దొంగల ముఠాపై విచారణ జరిగింది. యాత్రికుల వేషంలో గుల్లలు ధరించి తిరిగేవారు కనుక వారికి ఆ పేరు. ఆ విచారణలో న్యాయాధికారులు వారి రహస్యపు మాటలను అర్థాలతో సహా వ్రాయించి పెట్టారు. శిక్ష విధించడానికి తయారైన ఆ పట్టికే నేడు భాషాశాస్త్రజ్ఞులకు నిధి. ఆ కాలపు మహాకవి ఫ్రాన్స్వా వియోన్ ఇటువంటి దొంగభాషలో కొన్ని గీతాలు కట్టాడు. 1489లో అచ్చయిన ఆయన కావ్యసంపుటిలో అవీ చేరినవి. 'ఆర్గో' అనే పేరు పదిహేడవ శతాబ్ది తొలి భాగంలో పుస్తకాలకెక్కింది. అప్పుడు దాని అర్థం భాష కాదు, బిచ్చగాళ్ళ సంఘం. సంఘం పేరు సంఘం భాషకు అంటుకొన్నది.

ఈ భాషకు సాహిత్యంలో పీటవేసినవాడు విక్టర్ హ్యూగో. 1829లో మరణశిక్ష పడిన ఖైదీ కథ వ్రాస్తూ ఖైదీల మాటలను అట్లాగే వాడాడు. 1862లో వెలువడిన 'లె మిజెరాబ్ల్' నవలలో ఆర్గోను గూర్చి ఒక ప్రకరణమే కేటాయించాడు. 1877లో జోలా 'లసొమ్వార్' నవల గ్రంథరూపంలో వచ్చినప్పుడు పారిస్ పండితులు మండిపడ్డారు. కూలిజనుల కథ వ్రాయడం ఒక తప్పు; కథకుని సొంత వాక్యాలలో సైతం కూలిజనుల మాటలు పోయడం అంతకంటె పెద్ద తప్పు. జనభాషను సేకరించి అచ్చుమూసలో పోయడమే తన నేరమని జోలా పీఠికలో సమాధానం చెప్పుకొన్నాడు. ఆ నేరమే ఆ నవలకు నేటికీ ప్రాణం.

వీధిమాటలు గాలిలోనుంచి ఊడిపడవు. ప్రతిదాని వెనుకా ఒక చోటు, ఒక పని, ఒక మనిషి ఉంటాడు. సమ్మెకు ఫ్రెంచిలో 'గ్రేవ్' అని పేరు. నిజానికి గ్రేవ్ అంటే ఇసుక తిన్నె. సేన్ నది ఒడ్డున అటువంటి తిన్నె మీద పారిస్‌లో ఒక కూడలి వెలసింది. పని దొరకని కూలీలు తెల్లవారి అక్కడికి చేరి, ఎవరు పిలుస్తారా అని ఎదురు చూసేవారు. నేడు తెలుగునాట పట్టణాలలో కూలీల అడ్డా ఎటువంటిదో నాటి ఆ కూడలీ అటువంటిదే. 'గ్రేవ్ చేయడం' అంటే మొదట పనికోసం కాచుకొని ఉండడం. తర్వాత పని కావాలనే పని మానడం అనే అర్థం వచ్చింది. పని కోసం చేతులు చాచిన కాలం నుంచి హక్కు కోసం చేతులు కట్టుకొన్న కాలం దాకా ఒక శ్రామిక చరిత్ర ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నది.

చెత్తకుండీకి ఫ్రెంచిలో 'పూబెల్' అంటారు. ఇది ఒక ఉన్నతాధికారి ఇంటిపేరు. యూజెన్ పూబెల్ పారిస్ ప్రాంతానికి ప్రభుత్వాధికారిగా ఉండి, ఇంటి యజమానులు చెత్త పోయడానికి మూతగల తొట్లు ఏర్పాటు చేయవలెనని 1883లో ఉత్తరువు జారీ చేశాడు. వీధుల్లో చెత్త ఏరుకొని బతికేవారు తమ పొట్ట కొట్టారని గోల పెట్టారు. పత్రికలూ జనమూ ఎగతాళిగా ఆ తొట్టికి ఆయన పేరే తగిలించారు. ఎగతాళి పోయింది; పేరు నిలిచింది. నేడు ఆ మాట ప్రభుత్వ కాగితాలలో సైతం నిస్సంకోచంగా కనిపిస్తుంది. 'లిమోజే' అనే క్రియ కూడా ఇటువంటిదే. 1914లో యుద్ధం మొదలైన కొత్తలో సేనాపతి జోఫ్ర్, పనికిరారనుకొన్న సేనానులను తొలగించి యుద్ధరంగానికి దూరంగా ఉన్న లిమోజ్ పట్టణం వైపు పంపాడు. ఆ ఊరి పేరుమీద సిపాయిలు పుట్టించిన క్రియకు నేటి పత్రికాభాషలో అర్థం, పదవినుంచి తొలగించడం. కూరగాయల అంగళ్ళ దగ్గర వెల్లుల్లి అమ్మేవారిని 'మార్షాన్ దాయ్' అనేవారు. వారు చలికి తొడుక్కొన్న ఉన్ని అల్లిక చొక్కాకు వారి పేరే వచ్చి, ముందక్షరం జారిపోయి 'షాన్దాయ్' అయింది.

జీవితానికి దగ్గరగా ఉన్నకొద్దీ మాటకు రుచి ఎక్కువ. స్నేహితుణ్ణి ఫ్రెంచివారు చనువుగా 'కొపేన్' అంటారు. రొట్టెను కలిసి పంచుకొని తినేవాడు అని దాని మూలార్థం. ఒకే కంచం ఒకే మంచంగా పెరిగారని చెప్పుకొనే తెలుగువారికి ఈ భావం వివరించనక్కరలేదు. డబ్బుకు ఫ్రెంచి వాడుకలో ఉన్న పేర్లలో గోధుమ ఒకటి, 'ఒజేయ్' ఇంకొకటి. ఒజేయ్ అంటే తెలుగువారి చుక్కకూర జాతికే చెందిన పుల్లని ఆకుకూర. జేబులో ఏమీ లేనివాడు తన దగ్గర 'ఒక్క ముల్లంగి లేదు' అంటాడు. చిల్లిగవ్వ లేదన్న తెలుగు పేదవాడికీ, ముల్లంగి లేదన్న ఫ్రెంచి పేదవాడికీ బాధ ఒకటే. చేతికందిన వస్తువులు వేరు. దిగులుగా ఉన్నవాడు తనకు 'బొద్దింక పట్టింది' అంటాడు. మూర్ఛపోయినవాడు 'ఆపిల్ పండ్లలో పడ్డాడు'. పొడుపుకథ విప్పలేక ఓడిపోయిన పిల్లవాడు 'నా నాలుక పిల్లికిచ్చాను' అంటాడు. ఈ పిల్లి అంతకుముందు కుక్క. 1670లో ప్రభువంశీయురాలు సెవిన్యే తన లేఖలో, ఊహించలేకపోతే నాలుకను కుక్కలకు వేస్తారా అని అడిగింది. గొప్పింటి కలానికీ వీధి నానుడికీ నాడు అంటరానితనం లేదు.

పరదేశాలనుంచి వచ్చిన మాటలనూ మొదట ఆదరించింది వీధియే. తలుపు మీద ఉండే చిన్న కిటికీని ఫ్రెంచిలో 'వాజిస్తాస్' అంటారు. జర్మన్ భాషలో 'అదేమిటి?' అనే ప్రశ్న ఇది. కిటికీ తెరచి ఎవరైనా వేసే ప్రశ్న, పద్దెనిమిదవ శతాబ్దినాటికే ఆ కిటికీ పేరైంది. ఇట్లా పరభాష పలుకును తనకు తోచినట్లు మలచుకోవడం జనానికి ఎక్కడైనా ఉన్నదే. నిజాము కొలువులో సేనానిగా ఉండి 1798లో చనిపోయిన ఫ్రెంచివాడు మొస్యూ రేమోన్, హైదరాబాదు జనం నోట కొందరికి మూసా రహీం, కొందరికి మూసా రాం అయినాడు. నేటి మూసారాంబాగ్ పేటకు ఆ పేరే మిగిలింది.

1830లో ఫ్రాన్సు అల్జీరియాపై దండెత్తింది. దేశాన్ని ఆక్రమించిన సేన ఆ దేశపు మాటలను వెంట తెచ్చుకొన్నది. వైద్యుణ్ణి ఫ్రెంచి వాడుకలో 'తూబిబ్' అంటారు. ఇది అరబ్బీ 'తబీబ్'. హైదరాబాదులోని నిజామియా తిబ్బీ కళాశాల పేరులో ఉన్నదీ ఆ ధాతువే. మారుమూల పల్లెను 'బ్లెద్' అనీ, పిచ్చివాణ్ణి 'మబూల్' అనీ, కొంచెం అనడానికి 'షూయా' అనీ వాడుక. మిక్కిలి ఇష్టపడడమనే అర్థంలో నేటి ఫ్రెంచి యువకులు 'కిఫే' అంటారు. దాని మూలం సుఖం, తన్మయత్వం అనే అర్థాలున్న అరబ్బీ 'కైఫ్'. తెలుగులో మత్తుకు పేరైన 'కైపు'కూ మూలం అదే. ఒకే విత్తనం రెండు దూరదేశాలలో రెండు విధాలుగా మొలకెత్తింది.

అంతకంటె ఆశ్చర్యం కలిగించేవి రోమానీ మాటలు. రోమానీ జనుల పూర్వులు భారతదేశంనుంచి పడమటికి సాగిపోయినవారు. 1427లో వారు పారిస్ నగరం వెలుపల విడిసినట్లు ఆనాటి ఒక పారిస్ పౌరుడు తన దినచర్యలో వ్రాసిపెట్టాడు. వారి భాష భారతీయ ఆర్యభాషా కుటుంబానికి చెందినదని పద్దెనిమిదవ శతాబ్ది చివర పండితులు నిరూపించారు. నేడు ఫ్రెంచి వీధిలో దొంగిలించడాన్ని 'షూరే' అంటారు. రోమానీలో దొంగిలించడానికి ఉన్న 'చోర్' నుంచి అది వచ్చింది. పాణినీయ ధాతుపాఠంలో పదవ గణానికి పేరిచ్చిన 'చుర్' ధాతువు ఎక్కడ, పారిస్ సందుగొందులు ఎక్కడ! కత్తికి పాత ఆర్గోలో 'షూరేన్', తర్వాత 'స్యూరేన్'. రోమానీలో కత్తి 'చురి', సంస్కృతంలో 'ఛురిక'. 1842లో యూజెన్ స్యూ పత్రికలో ప్రకటించడం ప్రారంభించిన 'పారిస్ రహస్యాలు' నవలలో ఒక పాత్రకు ఈ మాటమీదనే 'షూరినేర్' అని, అంటే కత్తిపోటుగాడు అని పేరు పెట్టాడు. ఈ జనులలో ఒక శాఖకు ఫ్రెంచిలో 'మనూష్' అని పేరు. అది 'మనుష్య' శబ్దమే. నీచమని తోసివేసిన మాటను విప్పి చూస్తే లోపల సంస్కృత ధాతువు కనిపించినప్పుడు, ఏది ఉచ్చం, ఏది నీచం అని నిర్ణయించేవారు ఒక్కక్షణం ఆగవలసి వస్తుంది.

అక్షరాలను తారుమారు చేసి మాటలు పుట్టించడం ఫ్రెంచి వీధికి ఇంకొక ఆట. తెలుగు పిల్లలు ప్రతి అక్షరానికీ ముందు 'క' చేర్చి పెద్దలకు అర్థంకాకుండా మాట్లాడుకొనే 'క భాష' వంటిదే ఇది. పారిస్ కసాయివారు పందొమ్మిదవ శతాబ్దిలో ఒక పద్ధతి కల్పించారు: మాటలో మొదటి హల్లును చివరకు నెట్టి, దాని స్థానంలో 'ల' పెట్టి, ఆఖరున ఒక తోక తగిలించడం. కసాయి అనే 'బూషే' ఆ విధంగా 'లూషెబెమ్' అయింది. పిచ్చివాడు అనే 'ఫూ' శబ్దం ఈ విధంగానే 'లూఫోక్' అయి, విపరీతధోరణి గలది అనే అర్థంలో నేడు మర్యాదస్తుల భాషలో చేరిపోయింది.

ఇరవయ్యవ శతాబ్ది చివర ప్రబలినది 'వెర్లాన్'. తలకిందులు అని అర్థమిచ్చే 'లాన్వేర్' అనే మాటనే తలకిందులు చేస్తే వెర్లాన్. 'ఫామ్' అంటే స్త్రీ. అది తిరగబడి 'మెఫ్'. వేడుక అనే 'ఫెత్' తిరగబడి 'తెఫ్'. కుళ్ళినది అనే 'పూరి' తిరగబడి 'రిపూ'. లంచగొండి పోలీసులను గూర్చి 1984లో వచ్చిన చలనచిత్రానికి ఈ మాటే పేరై దేశమంతటా వ్యాపించింది. వీటిలో 'బెర్' అనే మాట చరిత్ర ప్రత్యేకంగా గమనింపదగినది. అరబ్బుల సంతతివారై ఫ్రాన్సులో పుట్టి పెరిగిన యువకులు, తమను తక్కువచూపుతో పిలిచే 'అరాబ్' అనే పేరును తలకిందులు చేసి 'బెర్' అని తామే పెట్టుకొన్నారు. 1983 అక్టోబరులో సమానత్వం కోసం, జాతిద్వేషానికి వ్యతిరేకంగా మార్సేయ్‌నుంచి బయలుదేరిన పాదయాత్ర డిసెంబరులో పారిస్ చేరేనాటికి పత్రికలు దానిని బెర్‌ల యాత్ర అన్నవి. ఆ మాట నిఘంటువులకెక్కింది. అప్పుడు ఆ యువకులు దానిని మళ్ళీ తిరగవేసి 'రెబె' చేసుకొన్నారు. ఇతరులు తగిలించిన పేరును విప్పి తమ చేతితో తిరిగి కట్టుకోవడంలో కేవలం అల్లరియే ఉన్నదని ఎవరు అనగలరు?

ఇంత చెప్పినా ఒక హెచ్చరిక అవసరం. వీధిమాటలపై మక్కువ ఉన్నవారందరికీ వాటి పుట్టుకను గూర్చి కట్టుకథలు నమ్మే బలహీనతా ఉంటుంది. చిన్న పానశాలకు పేరైన 'బిస్త్రో' ఇందుకు ఉదాహరణ. 1814లో పారిస్‌ను ఆక్రమించిన రష్యన్ సిపాయిలు తమ భాషలో 'బిస్త్ర, బిస్త్ర' అంటే త్వరగా, త్వరగా అని కేకలు వేసి పానీయాలు తెప్పించుకొన్నారనీ, దానినుంచే ఆ పేరు వచ్చిందనీ ఒక కథ. మోన్‌మార్త్ర్ గుట్టమీద ఒక భోజనశాల గోడకు ఈ కథ చెక్కిన ఫలకం కూడా తగిలించి ఉన్నది. కథ రసవంతమే. కాని ఆ మాట వ్రాతలో మొదట కనిపించేది 1884 ప్రాంతంలో. డెబ్బై ఏండ్లపాటు ఒక మాట ఏ వ్రాతకూ అందకుండా నోటనోటనే దాగి ఉన్నదని నమ్మడం కష్టం. అందుచేతనే భాషాశాస్త్రజ్ఞులు ఈ కథను అంగీకరించరు. వాజిస్తాస్ కథ కూడా వినడానికి ఇంత విచిత్రమైనదే. అయినా దానికి ఆనాటి వ్రాతల సాక్ష్యం ఉన్నది, దీనికి లేదు. ఫలకం మీద చెక్కినంత మాత్రాన కథ చరిత్ర కాదు. మాటను ప్రేమించడం ఎంత అవసరమో, దాని సాక్ష్యాన్ని పరీక్షించడం అంత అవసరమని విద్యార్థికి నేర్పడానికి ఇంతకంటె మంచి పాఠం దొరకదు.

వీధిమాటలకు బడిలో తావిస్తే భాష చెడిపోదా అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నలో కొంత న్యాయమున్నది. మిక్కిలి అనే అర్థంలో ఫ్రెంచి యువకుడు 'వాష్‌మాన్' అంటాడు, అక్షరార్థం 'ఆవులాగా'. ఉద్యోగానికి పంపే దరఖాస్తులో ఆ మాట వ్రాస్తే ఆ కాగితం ఎక్కడికి పోతుందో చెప్పనక్కరలేదు. పూబెల్ మహాశయుని తొట్టి సిద్ధంగానే ఉన్నది! శివారు పేటలోని పేదపిల్లవానికి వీధిభాష తప్ప ఇంకొకటి రాకపోతే, కచేరీ తలుపులు, కళాశాల తలుపులు అతనికి మూసుకొనే ఉంటాయి. శిష్టభాష నేర్పకుండా, నీ భాష చాలును పొమ్మని మెచ్చుకొని పంపడం దయ కాదు, ద్రోహం. వీధిమాటలలో పరజాతులను కించపరచే విషపు మాటలు కూడా ఉన్నవి. వాటి పుట్టుక తెలుసుకోవలసిందే, వాడుక మానవలసిందే.

అయితే ఈ ఒప్పుకోలు పాత తీర్పును బలపరచదు. 'ఈ మాట ఇక్కడ తగదు' అన్న ఉపాధ్యాయునికీ, 'ఇది మాటే కాదు' అన్న ఉపాధ్యాయునికీ చాలా భేదమున్నది. మొదటివాడు పిల్లవానికి రెండవ వాకిలి తెరుస్తున్నాడు. రెండవవాడు, నీ తల్లిదండ్రులూ ఇరుగుపొరుగులూ మాట్లాడేది భాషే కాదని ఆ పసివాని మొగంమీదనే చెప్పుతున్నాడు. ఫ్రాన్సులో ఈ రెండవ పద్ధతి ఎంత దూరం పోయినదో చరిత్రలో ఉన్నది. 1794లో గ్రెగ్వార్ మతాచార్యుడు ప్రాంతీయ భాషలను నిర్మూలించవలసిన అవసరాన్ని గూర్చి విప్లవసభకు నివేదిక సమర్పించాడు. తర్వాతి కాలంలో బ్రిటనీ ప్రాంతపు బడులలో, ఇంటిభాష అయిన బ్రెతోన్‌లో మాట జారిన పిల్లవాని మెడకు ఒక గుర్తు తగిలించి అవమానించేవారు. ఆ గుర్తు వదిలించుకోవాలంటే అదే తప్పు చేసిన ఇంకొక పిల్లవాణ్ణి పట్టి ఇవ్వాలి. ఆ శిక్షవల్ల పిల్లలు ఫ్రెంచి నేర్చుకొన్నారు; తమ ఇంటిని చూసి సిగ్గుపడడమూ నేర్చుకొన్నారు.

ఇందుకు భిన్నమైన ఉపాధ్యాయుడు తెలుగువారికి తెలియనివాడు కాడు. గిడుగు రామమూర్తి (1863–1940) పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుతూ, అడవి మనుషుల కూతలని లోకం తోసివేసిన సవర భాషను చెవియొగ్గి విన్నాడు, నేర్చుకొన్నాడు, దానికి వ్యాకరణమూ నిఘంటువూ కట్టాడు. శిష్టుల వాడుకభాషకు గ్రంథాలలో చోటు కావాలని పోరాడినదీ ఆయనే. ఏ మాటనైనా ముందు వినాలి, తర్వాత విచారించాలి, ఆ తర్వాతనే తీర్పు చెప్పాలి అన్నది ఆయన జీవితం నేర్పే క్రమం. ఫ్రెంచి ఉపాధ్యాయునికైనా, తెలుగు ఉపాధ్యాయునికైనా ఈ క్రమం మారదు.

దీనిని ఆచరణలో పెట్టడానికి పెద్ద యంత్రాంగం అక్కరలేదు. వారానికొక గంట చాలు. ప్రతి విద్యార్థి తన వీధిలో విన్న ఒక మాటను తెచ్చి, ఎవరు అన్నారు, ఎప్పుడు అన్నారు, ఏ అర్థంలో అన్నారు అని వ్రాయాలి. అదే అర్థానికి గ్రంథభాషలో ఉన్న మాట పక్కన పెట్టాలి. ఏది ఎక్కడ తగునో తరగతి కలిసి ఆలోచించాలి. పుట్టుకను గూర్చి కథ చెప్పినవారిని సాక్ష్యం అడగాలి. ఇట్లా చేసిన విద్యార్థికి శిష్టభాష మరింత బాగా వస్తుంది. ఎందుకంటే భేదం తెలిసినవానికే ఎంపిక తెలుస్తుంది. కుండపెంకును తలగా, ఇసుక తిన్నెను సమ్మెగా మార్చిన జనం ఇప్పుడూ వీధిలో మాట్లాడుతూనే ఉన్నారు. రేపటి నిఘంటువుకు చేరబోయే మాట నేటి తరగతిలో వెనుక బల్లమీద కూర్చొని ఉండవచ్చును. దానిని లేచి నిలబడమని గద్దించేముందు, పేరేమిటి, ఏ ఊరినుంచి వచ్చావు అని అడగడం ఉపాధ్యాయుని మర్యాద.